‘కర్బన’ లేని కర్బన ఉద్గారాలు: చిప్ సంస్థల వాతావరణ లక్ష్యాలను చదివే తీరు

ఉపోద్ఘాతం

నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ అణువులో కర్బనం లేదు. ఒక నైట్రోజన్ పరమాణువు, మూడు ఫ్లోరిన్ పరమాణువులు మాత్రమే ఉంటాయి. అయినా చిప్ సంస్థలు ఆ వాయువును తమ ‘కర్బన ఉద్గారాల’ లెక్కలోనే చూపుతాయి. ఎందుకంటే ఆ లెక్కలో ‘కర్బన’ అనేది కొలమానమే గాని పదార్థం కాదు. భూమిని వేడెక్కించే ప్రతి వాయువునూ, మన పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్న కార్బన్ డయాక్సైడ్‌తో తూచి చెప్పే బరువు అది. ‘సమానకం’ అన్న మాట రాలిపోయి ‘కర్బనం’ మాత్రమే వాడుకలో మిగిలింది.

ఈ పదచర్చకు ఇప్పుడొక అవసరం ఏర్పడింది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 9.6 కోట్ల చిప్పుల సామర్థ్యం గల ఏఎస్‌ఐపీ టెక్నాలజీస్ ప్యాకేజింగ్ యూనిట్‌కు ఆమోదం తెలిపింది. తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థికి ఈ పరిశ్రమ ఇక దూరపు సంగతి కాదు. ఈ రంగంలోని సంస్థల లక్ష్యాలను ‘2050 నాటికి శూన్య ఉద్గారాలు’ వంటి ఒక్క వాక్యంగా కుదిస్తే అర్థంలో సగం పోతుంది.

కార్ఖానాలో వెలువడేవి

సిలికాన్ పలకపై సూక్ష్మమైన గీతలు చెక్కడానికి కార్బన్ టెట్రాఫ్లోరైడ్ వంటి వాయువులను, పొరలు పేర్చే గదుల లోగోడలను శుభ్రపరచడానికి నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌ను వాడతారు. చర్యలో ఖర్చు కాని భాగాన్ని శోధన యంత్రాలు విచ్ఛిన్నం చేయకపోతే అది గాలిలో కలుస్తుంది. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘపు ఐదవ నివేదిక ప్రకారం, నూరేళ్ల కాలానికి లెక్కిస్తే, ఒక కిలో నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ 16,100 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కార్బన్ టెట్రాఫ్లోరైడ్‌కు ఆ సంఖ్య 6,630. కాని దాని ఆయుర్దాయం సుమారు 50,000 సంవత్సరాలు. క్యోటో ఒప్పందపు మొదటి జాబితాలో నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ లేదు. 2012 దోహా సవరణతో అది చేరింది. జాబితాలో లేనంత కాలం ఎంత వెలువడినా లెక్కకు రాలేదన్నమాట.

మూడు పరిధులు

ఉద్గారాల లెక్కను మూడు పరిధులుగా విభజిస్తారు. కొల్లేటి ప్రాంతపు పాఠకునికి కైకలూరు చేపల చెరువే దీనికి తగిన ఉదాహరణ. రైతు నడిపే డీజిల్ ఇంజను పొగ, చెరువు అడుగు బురద నుండి లేచే మీథేన్ మొదటి పరిధి. మోటారుకు కొన్న కరెంటు రెండవది. మేతగా తెచ్చిన తవుడు, చెక్క, చేపలకు ఐసు వేసి బెంగాల్, అస్సాంలకు పంపిన లారీ మూడవది. ‘నా చెరువు నుండి పొగ రాదు’ అని రైతు అంటే అది అబద్ధం కాకపోవచ్చు; కాని లారీని లెక్కలో కలపలేదు.

ఈ దృష్టితో మైక్రాన్ సంస్థను చూద్దాం. 2030 నాటికి మొదటి పరిధి ఉద్గారాలను 2020 స్థాయి కంటే 42 శాతం తగ్గించడం, 2050 నాటికి మొదటి, రెండవ పరిధులలో నికర శూన్యం సాధించడం దాని లక్ష్యాలు. మూడవ పరిధి ఆ వాగ్దానంలో లేదు. ఈ సంస్థకు హైదరాబాదులో ఉన్నది పరిశోధన, రూపకల్పన కేంద్రం. గుజరాత్‌లోని సానంద్‌లో ఉన్నది కూర్పు, పరీక్షల కర్మాగారం. పలకలు చెక్కే పెద్ద కర్మాగారాలు అమెరికా, తైవాన్, జపాన్, సింగపూర్‌లలో ఉన్నాయి. కనుక 42 శాతం తగ్గింపు జరగవలసింది ప్రధానంగా అక్కడే.

హద్దు, భాజకం

‘ఎంత తగ్గింది’ అనడానికి ముందు ‘దేనితో భాగించారు’ అని అడగాలి. 1999లో ప్రపంచ సెమీకండక్టర్ మండలి ఫ్లోరిన్ వాయువులను 2010 నాటికి 1995 స్థాయి కంటే 10 శాతం తగ్గించాలని నిర్ణయించి, 32 శాతం తగ్గించింది. అది మొత్తం ఉద్గారాల లెక్క, మెచ్చదగిన ఫలితం. అయితే 2020కి పెట్టుకున్న 30 శాతం తగ్గింపు లక్ష్యాన్ని పలక వైశాల్యపు ప్రతి చదరపు సెంటీమీటరుకూ లెక్కకట్టారు. ఉత్పత్తి పెరిగితే మొత్తం ఉద్గారాలు పెరుగుతూనే ఇటువంటి లక్ష్యం నెరవేరే అవకాశముంది. రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు.

గీత జరిగితే లెక్క మారుతుందన్నది ఏలూరు జిల్లావారికి కొత్త కాదు. 1999లో కొల్లేటిని ఐదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2008లో దానిని మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. అది అమలై ఉంటే ఒక్క గట్టూ తెగకుండానే, చుక్క నీరూ కదలకుండానే, ఎన్నో ఆక్రమణలు కాగితం మీద మాయమయ్యేవి.

రెండవ పరిధిలో మరొక మెలిక ఉంది. సంస్థ పునరుత్పాదక విద్యుత్ ధ్రువపత్రాలు కొంటే, మార్కెట్ ఆధారిత పద్ధతిలో దాని విద్యుత్ ఉద్గారాలను సున్నాగా చూపవచ్చు. ప్రాంత ఆధారిత పద్ధతిలోనైతే ఆ గ్రిడ్‌లో నిజంగా మండిన బొగ్గే లెక్క. మన గ్రిడ్‌కు ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు కేంద్రం వంటివి బొగ్గు కరెంటును అందిస్తున్నాయి. ప్యాకేజింగ్ యూనిట్‌లో పలక చెక్కే పని ఉండదు కనుక ఫ్లోరిన్ వాయువుల వాడకం తక్కువే. దాని సొంత లెక్కలో బరువంతా కరెంటుపైనే పడుతుంది. రేపు ఏఎస్‌ఐపీ ఉద్గారాల పట్టికను తెలుగులోకి తెచ్చే అనువాదకుడు ‘శూన్యం’ అని రాసేముందు ఏ పరిధి, ఏ ఆధార సంవత్సరం, ఏ విద్యుత్ పద్ధతి అన్న మూడు విశేషణాలనూ చేర్చాలి. వాక్యం పొడవైనా సరే.