ఇస్లామీయ తత్వశాస్త్రంపై గ్రీకు ప్రభావం

మధ్యయుగపు ఇస్లామీయ తత్వశాస్త్రంపై గ్రీకు ప్రభావం ముఖ్యంగా క్రీ.శ. 8వ శతాబ్దం నుండి 12వ శతాబ్దం వరకు కనిపిస్తుంది. తత్వశాస్త్రానికి అరబ్బీలో వాడే 'ఫల్సఫా' అనే పదం గ్రీకు భాషలోని 'ఫిలొసోఫియా' నుండి వచ్చినదే. ఈ ప్రభావం గ్రంథాల స్వీకరణతో ముగియలేదు. తర్కం వలన కలిగే జ్ఞానానికీ, దైవవాణి వలన కలిగే జ్ఞానానికీ గల సంబంధమేమిటనే ప్రశ్న ముస్లిం పండితులలో దీర్ఘకాలం చర్చకు కారణమైనది.

అనువాదాలు

762లో నిర్మాణం ప్రారంభమైన బాగ్దాదు నగరం అబ్బాసీయ ఖలీఫాల రాజధాని. అక్కడ రాజుల, ధనికుల పోషణలో గ్రీకు గ్రంథాలు అరబ్బీలోకి అనువదించబడ్డాయి. కొన్ని నేరుగా గ్రీకు నుండి, మరికొన్ని సిరియాక్ భాష ద్వారా వచ్చాయి. అనువాదకులలో ప్రముఖుడైన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ (809 - 873) క్రైస్తవుడు. ఆయన ఒకే గ్రంథపు వేర్వేరు ప్రతులను సేకరించి, పోల్చి, పాఠాన్ని పరిష్కరించి అనువదించేవాడు.

'అరిస్టాటిల్ దైవశాస్త్రం' పేరుతో వ్యాపించిన గ్రంథం నిజానికి అరిస్టాటిల్ రచన కాదు. అది 3వ శతాబ్దపు తత్వవేత్త ప్లొటైనస్ రచనల్లోని కొన్ని భాగాలకు స్వేచ్ఛానువాదం. సమస్త సృష్టి ఒకే మూలం నుండి వెలువడినదన్న ప్లొటైనస్ సిద్ధాంతం ఈ విధంగా అరిస్టాటిల్ పేరున ప్రచారం పొందింది.

తత్వవేత్తలు

అల్ ఫారాబీ (మరణం 950) 'రెండవ గురువు'గా ప్రసిద్ధుడు. మొదటి గురువు అరిస్టాటిల్. ఇబ్న్ సీనా (980 - 1037) అరిస్టాటిల్ అధిభౌతిక గ్రంథాన్ని నలభైసార్లు చదివినా బోధపడలేదనీ, అల్ ఫారాబీ రాసిన చిన్న పుస్తకం చదివాకే అర్థమైనదనీ తన ఆత్మకథలో పేర్కొన్నాడు.

ఖండన, ప్రతిఖండన

అల్ గజాలీ (1058 - 1111) 'తహాఫుత్ అల్ ఫలాసిఫా' అనే గ్రంథంలో తత్వవేత్తల ఇరవై సిద్ధాంతాలను విమర్శించి, వాటిలో మూడింటిని మతధిక్కారమని ప్రకటించాడు. అవి:

* ప్రపంచం అనాది.
* దేవునికి సామాన్య విషయాలే తెలియును, విడివిడి విషయాలు తెలియవు.
* మరణానంతరం శరీరాలు తిరిగి లేవవు.

మనుషుల ఒక్కొక్క చర్యనూ దేవుడు ఎరుగకపోతే అంతిమ తీర్పుకు అర్థమే ఉండదు. అందువలన ఈ వివాదం విశ్వాసపు మూలాలను తాకింది. అయితే అల్ గజాలీ తర్కశాస్త్రాన్ని తిరస్కరించలేదు; పైగా దాని అధ్యయనాన్ని సమర్థించాడు.

స్పెయిన్‌లోని కార్డోబా నగరానికి చెందిన ఇబ్న్ రుష్ద్ (1126 - 1198) 'తహాఫుత్ అల్ తహాఫుత్' రచించి దీనికి సమాధానమిచ్చాడు. సత్యం సత్యానికి విరుద్ధం కాజాలదని ఆయన వాదం. ఖాజీగా పనిచేసిన ఆయన 1195లో బహిష్కరణకు గురయ్యాడు. అయినా ఆయన రచించిన అరిస్టాటిల్ వ్యాఖ్యానాలు హీబ్రూ, లాటిన్ భాషల్లోకి వెళ్ళి, ఐరోపా విశ్వవిద్యాలయాలలో ఇదే ప్రశ్నను మళ్ళీ లేవనెత్తాయి.