అత్తరు సీసాలో దేవదారు

సెలవు మంజూరైందంటే చాలు, మనవాళ్ల లిస్టులో బంగారం, చాక్లెట్లు, తలనొప్పి బాముల పక్కన సెంట్లు కూడా చేరిపోతాయి. దుబాయ్‌లో దేరా, దోహాలో సూక్ వాకిఫ్, కువైట్‌లో ముబారకియా... ఏ బజారుకెళ్లినా అత్తరు దుకాణం ముందు తెలుగు వినబడుతుంది. 'ఊద్', 'అసలు గంధం' అంటూ సేల్స్‌మన్ తోలా లెక్కన రేటు చెబుతుంటే, ఓవర్‌టైం డబ్బులు ఎన్ని పోతాయోనని మనసులో లెక్కేసుకుంటూ నిలబడతాం. అలాంటి సీసాల్లో పేరు బయటపెట్టకుండా కూర్చునే సరుకు ఒకటుంది. అదే సెడార్‌వుడ్, మన మాటలో దేవదారు.

గంధం నూనెలో సెడార్ నూనె కలపడం పాత విద్యే. రెండూ కర్ర వాసనలే, రెండూ చిక్కగా ఉంటాయి, రెండూ బట్టమీద చాలాసేపు నిలుస్తాయి. ధరలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. గంధం నూనె కోసం చెట్టు ఏళ్ల తరబడి పెరగాలి. సెడార్ నూనె చాలావరకు కోత మిల్లుల్లో మిగిలిన పేళ్లు, రంపపు పొట్టుకు ఆవిరి పట్టి తీస్తారు. చవగ్గా దొరుకుతుంది కాబట్టి సబ్బుల్లోకీ వెళ్తుంది, ఖరీదైన సెంట్లలోకీ వెళ్తుంది.

ఇంతకీ సెడార్ అంటే ఒక చెట్టు కాదు. మొరాకోలోని అట్లాస్ కొండల చెట్టు ఒకటి. దానికి దగ్గరి చుట్టం మన హిమాలయాల దేవదారు. ఈ రెండింటి నూనె కాస్త తియ్యగా, లోపల చిన్న కర్పూరపు ఘాటుతో ఉంటుంది. అమెరికాలో వర్జీనియా, టెక్సాస్ పేర్లతో వచ్చేవి అసలు సెడార్లే కావు, జునిపర్ జాతి చెట్లు. ఒకప్పుడు అక్కడ పెన్సిళ్లు వర్జీనియా కర్రతోనే చేసేవారు, అందుకే దాన్ని పెన్సిల్ చెక్కిన వాసన అంటారు. పొడిగా, గీసినట్టుగా ఉంటుంది. ఇప్పటి చవక పెన్సిళ్లకు వేరే కర్ర వాడతారు గనుక వాటిని చెక్కి చూస్తే ఆ వాసన రాకపోవచ్చు. పేర్ల తికమక మనకీ ఉంది. రాయలసీమ కొండల్లో దేవదారి అని పిలిచే చిన్న చెట్టుకూ హిమాలయాల దేవదారుకూ ఏ చుట్టరికమూ లేదు. లెబనాన్ జెండా మీద కనిపించేది అసలు సెడారే గానీ, అక్కడ మిగిలినవి కొద్ది చెట్లే, వాటిని కాపాడుకుంటున్నారు. అన్నట్టు, అరబ్బీలో ఈ చెట్టునూ బియ్యాన్నీ ఒకే అక్షరాలతో రాస్తారు. అట్ట మీద ఆ మాట చూసి కంగారు పడనక్కర్లేదు!

చెట్టుతో పని లేకుండా ల్యాబ్‌లో పుట్టిన సెడార్ వాసనలూ ఉన్నాయి. 1970లలో అమెరికా కంపెనీ ఒకటి తయారుచేసిన 'ఐసో ఈ సూపర్' ఇప్పుడు లెక్కలేనన్ని మగవాళ్ల సెంట్లలో ఉంది. దీనితో ఒక చిక్కుంది. కొట్టుకున్నవాడి ముక్కుకు కాసేపటికే తెలియకుండా పోతుంది, పక్కవాడికి మాత్రం వస్తూనే ఉంటుంది. 'వాసన పోయింది' అనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకుంటే క్యాంపు గదిలో మిగతా వాళ్ల పని అంతే.

మరి కొనేటప్పుడు ఎలా? మూత తీసిన నిమిషంలో వచ్చే వాసనను నమ్మొద్దు. రెండు కాగితపు పట్టీలు అడగండి. ఒకదాని మీద గంధం అని చెప్పేది, ఇంకోదాని మీద సెడార్ అని విడిగా అమ్మేది ఒక్కో చుక్క వేయించి, బయటికొచ్చి చాయ్ తాగి అరగంట తర్వాత చూడండి. గంధం మెత్తగా, పాలలా ఉంటుంది. సెడార్ పొడిగా ఉంటుంది. 'గంధం' పట్టీలోనూ ఆ పెన్సిల్ ఘాటే తగిలితే రేటు దగ్గర గట్టిగా అడగాల్సిందే. ఊద్ అంటే మన అగరు. అసలు ఊద్ నూనెలో కర్ర వాసనతోపాటు తోలు, పశువుల కొట్టం గుర్తొచ్చే బరువు ఉంటుంది. అది బొత్తిగా లేకుండా శుభ్రంగా కర్ర వాసనే వస్తే అనుమానించాలి. ముక్కుతో చేసే పరీక్ష ల్యాబ్ రిపోర్టు కాదు గానీ, పెద్ద మొత్తం పెట్టేముందు ఈ మాత్రం చేయడంలో తప్పు లేదు.

అలాగని సెడార్‌ను తీసిపారేయలేం. మా మటుకు మాకు వేసవి చెమటకు ఊద్ కన్నా ఇదే హాయి. సెడార్ అని చెప్పి సెడార్ ధరకు ఇస్తే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఇంటికి సెడార్ చెక్క ముక్కలు పట్టుకెళ్లినా బాగుంటుంది, బట్టల బీరువాలో పురుగు రాకుండా పాతకాలం నుంచీ వాడుతున్నదే. వాసన తగ్గితే గరుకు కాగితంతో రుద్దండి, మళ్లీ వస్తుంది. నూనె మాత్రం పట్టుచీరలకు తగలనివ్వకండి, మరక పడుతుంది.