రెండు కిలోమీటర్ల మార్కెట్: చిన్న ప్రీస్కూలుకు ఆన్‌లైన్ ప్రచారం

ప్రీస్కూలు ప్రచారంలో మొదట చూడాల్సిన లెక్క దూరం. మూడేళ్ల పిల్లను నడిపించుకునో, స్కూటీ మీద ముందు నిలబెట్టుకునో, ఆటోలోనో బడి దగ్గర దింపి వస్తారు. ఆ వయసు పిల్లను రోజూ గంటసేపు వ్యానులో తిప్పడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ముప్పై నలభై మంది పిల్లలతో నడిచే బడికి హైదరాబాద్ అంతా మార్కెట్ కాదు. చుట్టూ రెండు కిలోమీటర్ల లోపు ఇళ్లే దాని మార్కెట్. రెండు కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యం సుమారు 12.5 చదరపు కిలోమీటర్లు. వ్యాసార్ధం నాలుగు కిలోమీటర్లకు పెంచితే వైశాల్యం నాలుగింతలై 50 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అంటే ప్రకటనకు కట్టిన డబ్బులో ముప్పావు వంతు, ఆ బడికి ఎప్పటికీ రాని ఇళ్ల మీద ఖర్చయిపోతుంది.

ఈ ప్రాంతంలో వృత్తాన్ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ చేరే దారి విజయవాడ వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి. 2018 సెప్టెంబరు 24న మొదలైన అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో ఈ దారి మీదుగానే నడుస్తోంది. రోడ్డుకు ఒక పక్క సరూర్‌నగర్, మరో పక్క చైతన్యపురి కాలనీలు. మ్యాపులో కూతవేటు దూరంలో కనిపించే ఇల్లు, ఉదయం తొమ్మిదింటికి యూటర్న్ తీసుకుని వెళ్లాల్సి వస్తే చాలా దూరమైపోతుంది. చంటిపిల్లతో ఆ రోడ్డు దాటడానికి ఎవరూ సాహసించరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో మ్యాపు మీద పిన్ గుచ్చి వ్యాసార్ధం ఎంచుకోవచ్చు, వద్దనుకున్న ప్రాంతాలను తీసేయనూ వచ్చు. పిన్‌ను బడి మీద కాకుండా, రోడ్డుకు బడి ఉన్న వైపున కాలనీల నడిమధ్యకు జరిపితే అదే డబ్బుకు ఎక్కువ ఫలితం వస్తుంది. ఈ పనికి ఏ ఏజెన్సీ అక్కర్లేదు. ఏ వీధి వాళ్లు ఏ దారిన వస్తారో తెలిసిన ఆయమ్మ సలహా చాలు.

దూరం తర్వాతి లెక్క నమ్మకం. ఇది కొంచెం లోతైన విషయం. 1970లో ఫిలిప్ నెల్సన్ అనే ఆర్థికవేత్త సరుకులను రెండు రకాలుగా విడదీశాడు. చీర నాణ్యత కొనే ముందే చూసి తెలుసుకోవచ్చు. హోటల్ భోజనం రుచి తిన్నాకే తెలుస్తుంది. 1973లో మైఖేల్ డార్బీ, ఎడీ కార్నీ దీనికి మూడో రకాన్ని చేర్చారు: వాడిన తర్వాత కూడా మంచిదో కాదో తేల్చుకోలేని సేవలు. ప్రీస్కూలు చాలావరకు ఈ మూడో రకానికి చెందుతుంది. గేటు మూశాక లోపల ఏం జరుగుతోందో తల్లికి కనబడదు, పిల్ల సరిగా చెప్పలేదు. కొనేవాడికి నాణ్యత తెలియనప్పుడు మంచి సరుకు, చెడ్డ సరుకు ఒకే ధర పలికి, చివరికి మంచిదే మార్కెట్ నుంచి తప్పుకుంటుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపించాడు. దీనికి ఒక విరుగుడును 1973లో మైఖేల్ స్పెన్స్ వివరించాడు: నాణ్యత లేనివాళ్లు అంత తేలిగ్గా అనుకరించలేని సంకేతం ఇవ్వడం. వీళ్లిద్దరికీ, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌కూ కలిపి 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సూత్రాన్ని ప్రీస్కూలు ప్రచారానికి అన్వయిస్తే మంచి ఆలోచన ఏదో, వృథా ఏదో వెంటనే తేలుతుంది. కార్టూన్ బొమ్మలతో రంగుల పోస్టరు పది నిమిషాల్లో ఎవరైనా చేయించుకోగలరు. కాబట్టి అది సంకేతం కాదు. ‘నంబర్ వన్’, ‘అంతర్జాతీయ స్థాయి’ అన్న మాటలకూ అంతే విలువ. కోచింగ్ సెంటర్ల హోర్డింగులతో నిండిన దిల్‌సుఖ్‌నగర్‌లో ర్యాంకుల ప్రకటన అందరికీ అలవాటే, కానీ మూడేళ్ల పిల్లకు ర్యాంకు ఉండదు. ఇక చూపించగలిగేది లోపల రోజు ఎలా గడుస్తుందన్నదే. చెడ్డ బడి చూపించలేనిది కూడా అదే.

ఉదాహరణకు ఫోన్‌తో తీసిన నిమిషం లోపు వీడియో ఒకటి చాలు. మూడేళ్ల పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. ఫోన్‌ను ఆ ఎత్తులోనే పట్టుకుని గేటు దగ్గర మొదలుపెట్టాలి. గేటు గడియ పిల్ల చేతికి అందనంత పైన ఉందని కనబడాలి. చెప్పులు పెట్టే అర, చేతులు కడుక్కునే కుళాయి, చిన్న కమోడు, దాని పక్కన తడి లేని నేల, టిఫిన్ బాక్సు మూత తీసిపెట్టే ఆయమ్మ చేతులు, నిద్ర చాపలు వరుసగా రావాలి. చివర్లో పిల్లను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల కార్డు చూసి పంపించే దృశ్యం ఉండాలి. ఒక్క పిల్ల ముఖం కూడా కనబడనక్కర్లేదు, సంగీతం అసలే అక్కర్లేదు. ఈ వీడియో చూసిన తల్లి అడగాలనుకున్న ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని ఉంది. ఆ లెక్క పాటించే బడి తన అంకెను వీడియో కింద రాసుకుంటే, అంతకంటే బలమైన ప్రకటన ఉండదు.

రెండో మంచి ఆలోచన, తల్లిదండ్రుల సందేహాలకు తెలుగులో జవాబు చెప్పడం. ప్రవేశానికి వచ్చిన దాదాపు ప్రతి ఇంటివాళ్లూ ‘ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారు?’ అని అడుగుతారు. దానికి శాస్త్రం చెప్పే సమాధానం ఆసక్తికరం. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా మృదులాస్థిగానే ఉండి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ ఎముకగా గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడేసరికి 8 నుంచి 12 ఏళ్లు వస్తాయి. మూడేళ్ల చేతికి పెన్సిల్ కంటే ముందు పిండి పిసకడం, పూసలు గుచ్చడం, బట్టల క్లిప్పులు నొక్కడం కావాలని టీచరు ఒక నిమిషంలో చేసి చూపితే చూసేవాళ్లకు విషయమూ తెలుస్తుంది, టీచరు సత్తా కూడా తెలుస్తుంది. మొదటి వారం ఏడుపు, మలవిసర్జన అలవాటు, ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ దెబ్బతింటుందన్న భయం వంటివన్నీ ఇలాంటి చిన్న వీడియోలకు తగినవే. మాతృభాష గురించిన ప్రశ్నకు బడి సొంతంగా వాదించనక్కర్లేదు. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మాతృభాషలో, ఆటల ద్వారా నేర్పాలనే చెబుతోంది. ఆరేళ్లలోపే 85 శాతానికి పైగా మెదడు వికాసం జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. ఆ అంకెను ఆట విలువ చెప్పడానికి వాడాలి తప్ప, ‘ఇప్పుడు చేర్చకపోతే ఆలస్యమైపోతుంది’ అని తల్లులను భయపెట్టడానికి వాడటం అన్యాయం.

సమయం కూడా కలిసి రావాలి. తెలంగాణలో బడులు జూన్‌లో తెరుస్తారు, ప్రవేశాల విచారణ జనవరి నుంచే మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే చంటిపిల్లల పండుగలు రెండు వస్తాయి: సంక్రాంతికి ముందు భోగిపళ్లు, మాఘంలో వసంత పంచమి అక్షరాభ్యాసం. బాసర వెళ్లలేని కుటుంబాలకు ఇష్టమైతే పలక, బియ్యం పళ్లెంతో ఆ వేడుకను బడిలోనే జరిపి, కాలనీవాళ్లను వాట్సాప్‌లో ఆహ్వానించవచ్చు. వచ్చే నానమ్మలు, అమ్మమ్మలే చాలా ఇళ్లలో బడిని తేల్చేవాళ్లు.

ఇంత చేసినా వెతికేవాళ్లకు బడి దొరక్కపోతే లాభం లేదు. 2021 నవంబరు వరకు ‘గూగుల్ మై బిజినెస్’ అన్న పేరుతో ఉన్న ఉచిత సదుపాయం ఇప్పుడు ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’. ‘దగ్గర్లో ప్లే స్కూల్’ అని వెతికినప్పుడు ఏ బడిని ముందు చూపాలో మూడు అంశాలతో తేలుతుందని గూగుల్ చెబుతోంది: వెతికినదానికి సరిపోవడం, దూరం, పేరుప్రతిష్ఠలు. దూరం బడి చేతిలో లేదు, మిగతా రెండూ ఉన్నాయి. వర్గం ‘ప్రీస్కూల్’ అని సరిగ్గా ఎంచుకోవాలి, పనివేళలు రాయాలి, పిన్ పక్క వీధిలో కాకుండా గేటు ముందే పడిందో లేదో నడిచి చూసుకోవాలి. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లోనూ ఉండాలి. దానికి ‘బెస్ట్ ప్లే స్కూల్ ఇన్ ఎల్బీనగర్’ అని తోక తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌నే తొలగించే ప్రమాదం ఉంది. ఫీజులో రాయితీ ఇచ్చి సమీక్షలు రాయించడమూ అంతే. టర్ము చివర ప్రతి ఇంటికీ ఒకే సందేశం పంపి అడగడం న్యాయమైన పద్ధతి. విమర్శ వస్తే మర్యాదగా, క్లుప్తంగా బదులివ్వాలి. అందులో పిల్ల పేరు గానీ, ప్రవర్తన గానీ ప్రస్తావించకూడదు.

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరి నుంచి ఉంది. దాని బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు, అయితే బడి నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. చిన్న బడికి ఇంకా పనికొచ్చేది ముందే రాసిపెట్టిన సందేశంతో తెరుచుకునే లింకు. దాన్ని క్యూఆర్ కోడ్‌గా మార్చి, పిల్లల డాక్టరు క్లినిక్‌లో ‘క్లినిక్‌లో చూశాం’ అని, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ‘అపార్ట్‌మెంట్‌లో చూశాం’ అని వేర్వేరు మాటలతో అంటిస్తే, విచారణ ఎక్కడి నుంచి వచ్చిందో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

ఫలితాల లెక్కలో ఒక జాగ్రత్త అవసరం. ఉదాహరణకు ఒక ప్రకటనకు రూ. 6,000 పెడితే 60 మంది అడిగి, 15 మంది బడి చూసి, ఐదుగురు చేరారనుకుంటే ఒక్కో ప్రవేశానికి అయిన ఖర్చు రూ. 1,200. ఒక ప్రకటన చూసిన వెయ్యి మందిలో ముగ్గురు, మరోదాన్ని చూసిన వెయ్యి మందిలో ఐదుగురు ఫోన్ చేస్తే రెండోది మెరుగని చెప్పలేం. అంత చిన్న తేడా కాకతాళీయంగానూ వస్తుంది. అదే 30, 50 అయితే నమ్మవచ్చు.

ఇక పిల్లల ఫొటోలు. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలి. పిల్లల విషయంలో నిబంధనలు మీరితే జరిమానా రూ. 200 కోట్ల దాకా ఉంటుంది. నియమావళి 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమల్లోకి వస్తోంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద మొదటిసారి రూ. 10 లక్షల వరకు జరిమానా ఉంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, మెడలో ఐడీ కార్డుతో గేటు ముందు నవ్వుతున్న పిల్ల ఫొటో ఆమె పేరు, బడి, రోజూ బయటికొచ్చే వేళ అపరిచితులకు చెప్పేస్తుంది. చేతులు, వెనక నుంచి తీసిన తలలు, పిల్లలు గీసిన బొమ్మలు చూపినా బడి కళ కనబడుతుంది. ప్రవేశ దరఖాస్తులో ఫొటోల అనుమతికి విడిగా ఒక గడి ఉండాలి, వద్దన్న ఇంటి పిల్లను వేరుగా చూడకూడదు. తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టే ముందు ఆ గడిలో ఏం రాసి ఉందో ఒకసారి చదవాలి.