గిటారును గర్జింపజేసే డబ్బా

వీణకు కుండ ఉన్నది. తంబురాకూ ఉన్నది. మామూలు గిటారుకు బోలుగా ఉండే పెట్టె ఉన్నది. తీగె మీటగానే ఆ బోలు అంతా అదిరి, నాదం పెద్దదై మనకు వినిపిస్తుంది. ఇక ఎలెక్ట్రిక్ గిటారును చూడండి. చాలా ఎలెక్ట్రిక్ గిటార్లు ఒట్టి కొయ్య పలకలు. వాటిలో బోలు ఉండదు. ఊరికే మీటితే పక్క గదిలోని వాళ్ళకు కూడా సరిగా వినిపించదు. మరి అదే గిటారు వేదిక మీద సింహంలాగా గర్జిస్తుందే, ఎలాగ?

గిటారు వాయించేవారి కాళ్ళ దగ్గర చిన్న చిన్న డబ్బాలు పెట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ గర్జన చాలాసార్లు వాటిలో ఒక డబ్బా చేసే పని. దాని పేరు ఓవర్‌డ్రైవ్ పెడల్. దాన్ని కొనుక్కోనక్కరలేదు; కాస్త ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు. అయితే ముందుగా అది ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

తీగె కదిలితే విద్యుత్తు

1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు ఒక గొప్ప విషయం కనిపెట్టాడు. రాగితీగె చుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఎలెక్ట్రిక్ గిటారు ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. తీగెల కింద అయస్కాంతాలు ఉంటాయి. వాటి చుట్టూ వెంట్రుకలాటి రాగితీగెను వేలాది చుట్లు చుట్టి ఉంచుతారు. పైనున్న ఉక్కుతీగె కంపిస్తే అయస్కాంతం ప్రభావం కూడా దానితోపాటే ఊగుతుంది. చుట్టలో విద్యుత్తు పుడుతుంది.

ఈ విద్యుత్తు చాలా స్వల్పం. ఇంచుమించు ఒక వోల్టులో పదోవంతు అనుకోండి. టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులు, అంటే అందులో ఇది పదిహేనో వంతు! దీన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపే యంత్రమే ఆంప్లిఫయరు.

కోటగుమ్మంలో గడ్డిబండి

ఒక బండి మీద ఎత్తుగా గడ్డి వేసుకుని వస్తున్నారు. దారిలో కోటగుమ్మం ఉన్నది. గడ్డి గుమ్మం కన్న ఎత్తుగా ఉంటే ఏమవుతుంది? పైగడ్డి గుమ్మానికి గీసుకుని రాలిపోతుంది. బండి అవతలికి వచ్చేసరికి గుండ్రంగా ఉన్న గడ్డిమోపు పైన చదునై ఉంటుంది.

ఆంప్లిఫయరులో జరిగేదీ ఇదే. ధ్వని తరంగానికి కొండలాటి శిఖరమూ, దాని వెంట లోయా ఉంటాయి. ఆంప్లిఫయరు ఎంత పెద్ద తరంగాన్ని పంపగలదో దానికి ఒక హద్దు ఉన్నది. అంతకు మించి తోస్తే శిఖరాలూ, లోయలూ కూడా తెగి చదునవుతాయి. ధ్వని గరగరలాడుతుంది.

ఇంజనీర్లు దీన్ని దోషమన్నారు. పాట ఉన్నది ఉన్నట్టుగా వినిపించాలి గదా! ఈ దోషం లేకుండా చేయటానికి వాళ్ళు ఎంతో శ్రమపడ్డారు. కాని తరవాత జరిగినది వినండి.

పాడైన యంత్రాలు నేర్పిన పాట

1951లో అమెరికాలోని మెంఫిస్ నగరానికి ఒక వాద్యబృందం వచ్చింది. అక్కడ శామ్ ఫిలిప్స్ అనే ఆయన స్టూడియోలో వాళ్ళు "రాకెట్ 88" అనే పాట రికార్డు చేయాలి. తీరా చూస్తే గిటారు వాయించే విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయరు దారిలో దెబ్బ తిన్నది! స్పీకరులోని కాగితపు గరాటు చెడింది. వేరే ఆంప్లిఫయరు కోసం ఆగకుండా దానిలో కాగితాలు కుక్కి వాయించేశారు. బొంగురుగా వచ్చిన ఆ ధ్వని వినేవాళ్ళకు నచ్చింది.

మరి పదేళ్ళకు, అంటే 1961లో, మార్టీ రాబిన్స్ పాట ఒకటి వెలువడింది. నాష్‌విల్‌లో దాన్ని రికార్డు చేసేటప్పుడు యంత్రంలో ఒక భాగం చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు జుమ్మంటూ గరగరలాడింది. దాన్ని అలాగే ఉంచేశారు. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ అంతటితో ఊరుకోలేదు. చెడిన యంత్రం చేసిన పనిని మంచి యంత్రం చేత చేయించాలని, ట్రాన్సిస్టర్లతో ఒక పరికరం తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మాయెస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ దాన్ని "సాటిస్‌ఫాక్షన్" పాటలో వాడాడు. దానితో అది లోకమంతా మోగిపోయింది.

ఈ లోపల, 1964లో, ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ తన స్పీకరును బ్లేడుతో కోసి వాయించాడు! ఇంజనీర్లు దోషమన్నదాని కోసం వాయించేవాళ్ళు మంచి స్పీకర్లనే కోసుకునేదాకా వచ్చిందన్నమాట.

గరగరలో స్వరాలు

తెగిన ధ్వని అంత బాగా ఎందుకు ఉన్నది? ఇందులో ఒక లెక్క ఉన్నది.

గిటారులో ఒక తీగె సెకండుకు 110 సార్లు కంపిస్తుంది. దాన్నే మన షడ్జం అనుకుందాం. తరంగాన్ని పైనా కిందా సమంగా కోస్తే కొత్త కంపనాలు పుడతాయి. అవి ఇష్టం వచ్చినట్టు పుట్టవు. 110కి మూడు రెట్లు, అంటే 330. అయిదు రెట్లు, అంటే 550. ఇలా బేసి రెట్లలోనే పుడతాయి. సంగీతం నేర్చుకునేవాళ్ళను అడగండి. షడ్జానికి మూడు రెట్లు పై స్థాయి పంచమం. అయిదు రెట్లు అంతకన్న పై స్థాయి అంతర గాంధారం. స, ప, గ! అంటే షడ్జాన్ని కోస్తే అందులోంచి పంచమమూ గాంధారమూ వస్తున్నాయన్నమాట.

ఈ స్వరాలు తీగెలో సహజంగానే కొద్దిగా ఉంటాయి. కోత వాటిని బలపరుస్తుంది. మన తంబురా చూడండి. గుర్రం మీద తీగె కింద ఒక నూలుపోగు పెట్టి, అటూ ఇటూ జరిపి సరిచేస్తారు. తీగె దానికి ఒరుసుకుని జుమ్మంటుంది. పోగు తీసేస్తే నాదం వెలవెలబోతుంది. అక్కడ పోగు, ఇక్కడ కోత. ఉపాయాలు వేరు, రెండూ చేసేది పై స్వరాలను లేపడమే.

మీరే చేయండి

1979లో జపానులో తయారైన ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ చాలా పేరు తెచ్చుకున్నది. మనం చేసేది ఆ పద్ధతిలోనిదే, మరింత చిన్నది. కావలసిన సామాను ఇది. ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే కొట్లలో, హైదరాబాదులో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో, దొరుకుతుంది.

టీఎల్071 ఐ.సి. – 1
1ఎన్4148 డయోడ్లు – 2
రెసిస్టర్లు: 10 కిలో ఓంలవి 2, 4.7 కిలో ఓంలది 1; 47 కిలో ఓంలది 1; 1 మెగా ఓంది 1
తిప్పే కంట్రోళ్ళు: 470 కిలో ఓంలది 1, 100 కిలో ఓంలది 1
కెపాసిటర్లు: 0.1 మైక్రోఫారడ్‌వి 2, 0.047ది 1, 47 మైక్రోఫారడ్‌ది 1
గిటారు జాకులు 2. 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు. బ్రెడ్‌బోర్డు అనే చిల్లుల పలక, తీగెలు

ఐ.సి. మీద ఉన్న గంటు పైకి ఉండేలా పట్టుకోండి. ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3, 4 కాళ్ళు. కుడి పక్క కిందినుంచి పైకి 5, 6, 7, 8.

1. బ్యాటరీ ప్లస్‌ను 7వ కాలికీ, మైనస్‌ను 4వ కాలికీ కలపండి. రెండు జాకుల బయటి కొసలను మైనస్‌కు కలపండి.

2. 10 కిలో ఓంల రెసిస్టర్లు రెండింటినీ ఒకదాని వెంట ఒకటిగా ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య పెట్టండి. అవి కలిసే చోట 4.5 వోల్టులు ఉంటుంది. అక్కడినుంచి మైనస్‌కు 47 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టండి. దాని మైనస్ కాలు బ్యాటరీ మైనస్ వైపే ఉండాలి. అదే చోటునుంచి 3వ కాలికి 1 మెగా ఓం రెసిస్టరు పెట్టండి.

3. గిటారు వచ్చే జాకు లోపలి కొసనుంచి 3వ కాలికి ఒక 0.1 కెపాసిటరు.

4. 2వ కాలినుంచి 4.7 కిలో ఓంలు, దాని వెంట 0.047 కెపాసిటరు, అక్కడినుంచి మైనస్.

5. 6వ కాలికీ 2వ కాలికీ మధ్య 47 కిలో ఓంల రెసిస్టరు, దాని వెంట 470 కిలో ఓంల కంట్రోలు (మధ్య కాలు, ఒక పక్క కాలు). అదే 6కూ 2కూ మధ్య రెండు డయోడ్లు కూడా పెట్టాలి. ఒకదాని గీత ఇటు ఉంటే రెండోదాని గీత అటు ఉండాలి.

6. 6వ కాలినుంచి రెండో 0.1 కెపాసిటరు, అక్కడినుంచి 100 కిలో ఓంల కంట్రోలు ఒక పక్క కాలు. రెండో పక్క కాలు మైనస్‌కు. మధ్య కాలు ఆంప్లిఫయరుకు పోయే జాకు లోపలి కొసకు.

ఇందులో కోటగుమ్మం ఏదో తెలిసిందా? ఆ రెండు డయోడ్లే. ఐ.సి. తరంగాన్ని 11 నుంచి 111 రెట్లదాకా పెంచగలదు. డయోడు సుమారు 0.6 వోల్టులదాకా తలుపు మూసుకుని ఉంటుంది. అది దాటగానే తలుపు తెరుచుకుంటుంది, ఇక పెరుగుదల ఆగిపోతుంది. డయోడు తలుపు ఒకే దిక్కుకు తెరుచుకుంటుంది గనక, శిఖరానికి ఒకటీ లోయకు ఒకటీ కావాలి. 0.047 కెపాసిటరు మంద్ర స్వరాలను మరీ పెరగనివ్వదు. లేకపోతే ధ్వని ముద్దముద్దగా ఉంటుంది.

ఇది జాగ్రత్త

ఈ పనికి 9 వోల్టుల బ్యాటరీ తప్ప మరేదీ వాడకండి. గోడలోని కరెంటు జోలికి పోవద్దు. ఆంప్లిఫయరు మూత ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరవాత కూడా దానిలో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. టంకం వేసేటప్పుడు పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. మొదట ఆంప్లిఫయరును బాగా తగ్గించి ఉంచండి. చెవులు కూడా కాపాడుకోవాలి గదా! పలకకపోతే భయపడకండి. బ్యాటరీ తీసి, ఒక్కొక్క కాలూ మళ్ళీ లెక్క చూసుకోండి. అంతా సరిగా పలికితే టంకం వేసి, లోపల అట్ట పరిచిన రేకుడబ్బాలో బిగించండి. కాలితో నొక్కే స్విచ్చి తరవాత చేర్చుకోవచ్చు.

ఇప్పుడు కొన్ని పరీక్షలు. షడ్జ పంచమాలను కలిపి మీటండి, నిండుగా మోగుతాయి. షడ్జాన్నీ దాని పక్క స్వరాన్నీ కలిపి మీటండి, కాట్లాడుకుంటాయి. డయోడ్లు తీసి వాటి చోట ఎర్ర ఎల్.ఇ.డి. దీపాలు పెట్టండి. వాటి తలుపు సుమారు 1.8 వోల్టుల దగ్గరగానీ తెరుచుకోదు గనక, గుమ్మం ఎత్తు పెరుగుతుంది. గర్జన ఎలా మారిందో వినండి. తరవాత ఒక వైపున మాత్రం రెండు డయోడ్లు ఒకదాని వెంట ఒకటి పెట్టి చూడండి. శిఖరం ఒక ఎత్తున, లోయ మరొక లోతున తెగుతాయి. అప్పుడు బేసి రెట్ల స్వరాలేగాక సరి రెట్ల స్వరాలు కూడా వస్తాయి. 110కి రెండు రెట్లు 220. అది ఏ స్వరమో మీరే చెప్పండి!