నాలుగు కప్పులు గెలిచిన ఆడవాళ్ల జట్టు

బాస్కెట్ బాల్ అనే ఆట ఉంది. బాస్కెట్ అంటే బుట్ట. బాల్ అంటే బంతి. 1891లో అమెరికా దేశంలో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు ఈ ఆటను కనిపెట్టాడు. అప్పుడు పండ్ల బుట్టలను ఎత్తున కట్టి, వాటిలో బంతి వేసేవాళ్లు. ఇప్పుడు బుట్టకు బదులు ఇనుప రింగు ఉంటుంది. దానికి వల వేలాడుతుంది. రింగు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. ఒక్కో జట్టులో 5 మంది ఆడతారు.

అమెరికాలో ఈ ఆట కొందరికి బతుకుతెరువు. ఆడినందుకు జీతం ఇస్తారు. జనం టిక్కెట్టు కొని చూస్తారు. మగవాళ్లకు ఇలాంటి పెద్ద పోటీల సంఘం 1946లోనే ఏర్పడింది. మరి ఆడవాళ్లకో? జీతం ఇచ్చే జట్లు పెట్టారు. అవి ఎక్కువ కాలం నిలవలేదు.

సింథియా కూపర్ సంగతి చూడండి. ఆమె తల్లి ఒంటిచేత్తో 8 మంది పిల్లలను పెంచింది. సింథియా బాగా ఆడేది. కానీ సొంత దేశంలో జీతం ఇచ్చే జట్టు లేదు. అందుకే పొట్ట చేత పట్టుకుని స్పెయిన్, ఇటలీ దేశాలకు పోయింది. పదేళ్లు అక్కడే ఆడింది.

జట్టు పుట్టింది

1996లో ఆడవాళ్ల కోసం కొత్త సంఘం పెట్టారు. 1997లో 8 జట్లతో పోటీలు మొదలయ్యాయి. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరానికి ఒక జట్టు వచ్చింది. దాని పేరు కామెట్స్. అంటే తోకచుక్కలు. సింథియా ఈ జట్టులో చేరింది. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు. "ఈ వయసులో ఏం ఆడుతుంది?" అనుకున్నవాళ్లకు ఆటతోనే జవాబు చెప్పింది. ఆ ఏడు అన్ని జట్లలోకీ మేటి ఆటగత్తె ఆమే.

బాలింత మళ్లీ బంతి పట్టింది

ఇదే జట్టులో షెరిల్ స్వూప్స్ ఉంది. పోటీలు మొదలయ్యే నాటికి ఆమె నిండు గర్భిణి. జట్టు ఆమె చోటు తీసెయ్యలేదు. జూన్ నెలలో కొడుకు పుట్టాడు. నెలన్నరకే ఆమె మళ్లీ ఆటలోకి దిగింది. మొదట కొద్ది కొద్దిగా ఆడింది. మరుసటి ఏడు నుంచి పూర్తిగా ఆడింది. బిడ్డ పుడితే పని పోతుందని భయపడే ఆడవాళ్లు ఎందరో. షెరిల్ పని పోలేదు.

1997లో మొదటి కప్పు హ్యూస్టన్ గెలిచింది. 1998లో కప్పు పోటీకి ముందు 30 ఆటలు ఆడితే 27 గెలిచింది. రెండో కప్పు కూడా వాళ్లదే.

కిమ్ కోసం ఒక కప్పు

కిమ్ పెరో 5 అడుగుల 5 అంగుళాల మనిషి. ఈ ఆటలో అది పొట్టి కిందే లెక్క. ఆమెను ఎవరూ ఎంచుకోలేదు. తనే వచ్చి, ఆడి చూపించి, జట్టులో చోటు తెచ్చుకుంది. బంతిని అందరికీ అందిస్తూ ఆట నడిపించేది.

1999 ఫిబ్రవరిలో ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసింది. అదే నెలలో సింథియా తల్లి కూడా క్యాన్సర్ తో చనిపోయింది. ఆగస్టు 19న కిమ్ కన్నుమూసింది. ఆమెకు 32 ఏళ్లే.

మూడో కప్పు కిమ్ కోసం గెలవాలని జట్టు అనుకుంది. కన్నీళ్లు దిగమింగి ఆడారు. గెలిచారు. కిమ్ చొక్కా మీది అంకె 10. ఆ అంకెను జట్టులో మరెవరికీ ఇవ్వలేదు. 2000లో నాలుగో కప్పు కూడా గెలిచారు. వరసగా నాలుగు!

జట్టు ఎందుకు పోయింది?

తర్వాత సింథియా ఆట మానేసింది. షెరిల్ కు మోకాలికి దెబ్బ తగిలింది. ఆ తర్వాత ఒక్క కప్పూ రాలేదు. 2007లో యజమాని జట్టును అమ్మేశాడు. కొన్నవాడు కూడా 2008లో అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్లు దొరకలేదు. 2008 డిసెంబరులో జట్టును మూసేశారు. ఆడేవాళ్లను తలా ఒక జట్టుకు పంచేశారు.

గెలవడం ఒకటి. జట్టును నిలుపుకోవడం ఇంకొకటి. ఆడింది ఆడవాళ్లు. గెలిచింది ఆడవాళ్లు. కానీ జట్టు వాళ్ల చేతిలో లేదు. అమ్మేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు.

అయినా వాళ్ల కష్టం వృథా పోలేదు. వాళ్లు మొదలుపెట్టిన పోటీలు ఆగలేదు. నిజాయితీగా ఆడేవాళ్లకు ఇచ్చే బహుమతికి కిమ్ పేరు పెట్టారు. 2010లో సింథియాకు, 2016లో షెరిల్ కు బాస్కెట్ బాల్ ఆటలో అన్నిటికంటే పెద్ద గౌరవం దక్కింది. నైస్మిత్ పేరు మీద కట్టిన భవనంలో వాళ్ల పేర్లు చేరాయి.

ఆలోచించండి

1. షెరిల్ చోటును జట్టు తీసేసి ఉంటే ఏమయ్యేది?
2. నాలుగు కప్పులు గెలిచినా జట్టు ఎందుకు మూతపడింది?
3. మీరు పనిచేసే చోట లాభం ఎవరిది? నిర్ణయం ఎవరిది?