జీవశాస్త్ర పట్టా: త్వరపడే అప్పు, ఆలస్యమయ్యే జీతం

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడే ర్యాంకు రాని విద్యార్థి, ఫార్మసీ, నర్సింగ్, వ్యవసాయ కోర్సులను పక్కన పెట్టి జీవశాస్త్రం వైపే మొగ్గినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో అతనికి ముఖ్యంగా రెండు దారులుంటాయి. మొదటిది, బీజడ్‌సీగా చాలామంది ఎరిగిన బీఎస్సీని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తక్కువ ఫీజుతో, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదవడం. రెండవది, ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ బీటెక్‌లో చేరి, అందుకు బ్యాంకు నుంచి విద్యారుణం తీసుకోవడం. ఈ రెంటిలో ఏది మేలో తేల్చాలంటే పట్టా పేరును కాక, అప్పు తీర్చే కాలాన్నీ జీతం వచ్చే కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

విద్యారుణంలో కోర్సు కాలమూ, ఆ తరువాత సాధారణంగా ఒక సంవత్సరమూ వాయిదాలు కట్టనక్కర్లేదు. ఈ విరామాన్నే మారటోరియం అంటారు. అయితే వాయిదా ఆగుతుందే గాని వడ్డీ ఆగదు. నాలుగేళ్ల కోర్సుకు ఏటా ఆరంభంలో 2 లక్షల చొప్పున 8 లక్షలు, 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకుంటే, విరామం ముగిసే నాటికి వడ్డీ 2 లక్షల 80 వేలు చేరి అప్పు 10 లక్షల 80 వేలవుతుంది. దాన్ని అదే వడ్డీ రేటుతో పదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా 14,200 రూపాయలు దాటుతుంది, మొత్తం చెల్లింపు 17 లక్షలు మించుతుంది. తొలి ఉద్యోగంలో నెలకు 25 వేలు వచ్చే యువతి జీతంలో సగానికి పైగా ఆ వాయిదాకే పోతుంది. ఇల్లు, భోజనం, ప్రయాణం మిగిలిన దాంట్లోనే గడవాలి.

ఈ భారం జీవశాస్త్రంలో మరీ కష్టమనిపించడానికి కారణముంది. కంప్యూటర్ సైన్సులో తొలి పట్టాతోనే ఉద్యోగం మొదలవుతుంది, జీవశాస్త్రంలో మాత్రం విలువైన మెట్లన్నీ పైనే ఉంటాయి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా, ఔషధ సంస్థల ఉత్పత్తి, నాణ్యత పరీక్ష విభాగాల్లో బీఎస్సీ, బీటెక్ వారికి చోటున్నా, అదే చోటుకు ఫార్మసీ, రసాయనశాస్త్ర పట్టభద్రులూ పోటీ పడతారు. పరిశోధనకు మాత్రం సాధారణంగా ఎమ్మెస్సీ, ఆపై పీహెచ్‌డీ అవసరం. డిగ్రీకి మూడేళ్లు, పీజీకి రెండు, పీహెచ్‌డీకి అయిదు కలిపితే దాదాపు పదేళ్లు. ఆ కాలంలో వేరే ఉద్యోగం చేసి ఉంటే వచ్చే ఆదాయాన్ని వదులుకోవడమే ఆర్థికశాస్త్రంలో అవకాశ వ్యయం, దీన్ని లెక్కలో చేర్చని తల్లిదండ్రులే ఎక్కువ. పీజీకి వెళితే వాయిదాల గడువు పొడిగించమని బ్యాంకును అడగవచ్చు, కానీ ఆ కాలానికీ వడ్డీ పెరుగుతుంది.

ఇంకో వైపు, ఊరటనిచ్చే సంగతి ఒకటి ఉంది: ఈ రంగంలో పై మెట్లు ఎక్కేవారికి ప్రభుత్వమే డబ్బిస్తుంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో నెగ్గి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలోలుగా 42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఈ ఫెలోషిప్‌లు పరిమితమే, పోటీ తీవ్రమే. అయినా ఆ పరీక్షకు కూర్చునేవారిని ఏ కళాశాలలో చదివారని ఎవరూ అడగరు. పరిశోధన వద్దనుకునేవారు బీఈడీ చేసి డీఎస్సీ ద్వారా ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌గా చేరితే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం మూలవేతనం 44,570 నుంచి మొదలవుతుంది. పల్లెటూరి విద్యార్థి ఈ దారిని చిన్నచూపు చూడకూడదు.

పై మెట్టుకే డబ్బు దొరుకుతుందన్న నియమం అమెరికా చదువుకు వెళ్లేవారికీ వర్తిస్తుంది. అక్కడ జీవశాస్త్ర పీహెచ్‌డీలో విశ్వవిద్యాలయమే సాధారణంగా ఫీజు భరించి నెలనెలా భత్యమిస్తుంది. ఎంఎస్ మాత్రం చాలా చోట్ల సొంత ఖర్చే, అంటే రుణమే.

ఇక దేశంలోనే రుణంతో చదివేవారి సంగతి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలవారికి 10 లక్షల వరకు రుణంపై విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది, కానీ ఎంపికైన ఉన్నత విద్యాసంస్థల్లో చదివేవారికే. కనుక రుణపత్రంపై సంతకం పెట్టే ముందు, ఆ సంస్థ పథకం జాబితాలో ఉందో లేదో చూడాలి. గత మూడేళ్లలో అదే శాఖ నుంచి ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, ఎంత జీతానికో కళాశాలను రాతపూర్వకంగా అడగాలి. చెప్పడానికి కళాశాల వెనకాడితే, లేదా మొత్తం అప్పు తొలి ఏడాది జీతాన్ని చాలా మించుతుందని తేలితే, ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీలో చేరి, మిగిలిన డబ్బును పీజీ ప్రవేశపరీక్షల శిక్షణకు దాచుకోవడమే మంచిది.