టిక్ మంది, పేలలేదు

సంక్రాంతి సెలవుల మీద ఏమన్నా రాయండి అని క్లబ్ గ్రూపులో అడిగినప్పుడు, అరిసెలూ ముగ్గులూ కోడిపందేలూ ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారని ఊరుకున్నా. నా దగ్గర ఉన్నది ఒక తుపాకీ కథ. కథ అనేకన్నా బగ్ రిపోర్టు అంటే సరిపోతుందేమో. ఇంగ్లీషు మీడియంలో చదివినవాడి తెలుగు ఇది, తప్పులుంటే ఎడిటర్లు దిద్దుతారు.

మాది కాకుమాను దగ్గర. కొమ్మమూరు కాలువ నీళ్ళ మీద బతికే పల్లె. వరి కోశాక ఆ తడి మీదే దున్నకుండా మొక్కజొన్న పెడతారు. విత్తనం పెట్టిన పది పదిహేను రోజులు అడవి పందులతో గొడవ. సాళ్ళ వెంబడే వరసగా మూతితో తవ్వుకుంటూ పోతాయి, పొద్దున చూస్తే సాలు సాలంతా లేచిపోయి ఉంటుంది. మా తాతయ్యకి పంట రక్షణ కింద లైసెన్సు తీసుకున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉంది. నాన్న పుట్టకముందు నుంచీ ఉందట. దాంతో పందిని కొట్టడు. కొట్టకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొడితే కేసు. మనుషులెవరూ లేని వైపు, మురుగుకాలువ కట్ట మట్టిలోకి ఒకటి పేలిస్తే ఆ చప్పుడికి పందులు ఆ రాత్రికి రావు. అంతే దాని పని.

కనుమ మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి తాతయ్యతో పాటు చేలోకి వెళ్ళా. తుపాకీ ఆయన చేతిలో, టార్చిలైటు నా చేతిలో. మంచు బాగా పడుతోంది. కట్ట వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్. అంతే. మళ్ళీ హ్యామర్ లాగి నొక్కాడు. టిక్. "ఏందిరా ఇది" అంటూ వెంటనే బ్యారెల్ వంచి తూటా బయటికి లాగేశాడు. లాగుతున్నప్పుడు బ్యారెల్ మూతి నా కాళ్ళ వైపు ఉంది. నాకు అప్పటికి ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి చదివాకే కాళ్ళలోంచి వణుకొచ్చింది.

ఎందుకో అర్థం కావాలంటే ముందు తూటా లోపల ఏముందో తెలియాలి. మాది 12 బోర్. ఈ అంకె సైజు కాదు, లెక్క. ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం అన్నమాట. అందుకే 20 బోర్ అంటే అంకె పెద్దదైనా గొట్టం సన్నం. తూటా అడుగున ఇత్తడి టోపీ, దాని మధ్యలో చిన్న బొట్టుబిళ్ళలాంటి ప్రైమర్. ప్రైమర్ పైన మందు, ఆ పైన వాడ్ అనే బిరడా, ఆపైన సీసపు గుండ్లు. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ వచ్చి ఫైరింగ్ పిన్‌ని కొడుతుంది, పిన్ను ప్రైమర్‌ని పొడుస్తుంది, ప్రైమర్ నిప్పురవ్వ మందుని అంటిస్తుంది. మామూలుగా ఇదంతా కన్ను మూసి తెరిచే లోపే అయిపోతుంది.

టిక్ మని పేలకపోతే రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి, అసలు అంటుకోలేదు. రెండోది, సరిగ్గా అంటుకోలేదు గానీ లోపల రాజుకుంటోంది. తడిసిన అగ్గిపుల్ల గీస్తే ఒక్కోసారి కాస్త ఆగి భగ్గుమంటుంది చూడండి, అలాంటిది. దీన్ని హ్యాంగ్‌ఫైర్ అంటారు. ఆలస్యం చాలావరకు సెకనులో కొంత భాగమే. కానీ ఆ రెంటిలో ఏదన్నది బయటి నుంచి తెలియదు. కాబట్టి ఎక్కడ నేర్పినా ఒకటే చెప్తారు: తుపాకీ ఎటు గురిపెట్టి ఉందో అటే ఉంచి, తెరవకుండా, కనీసం 30 సెకన్లు ఆగాలి. తర్వాత కూడా మూతి ఎవరి వైపూ తిరక్కుండా, ముఖం పక్కకి పెట్టి తెరవాలి. బ్యారెల్‌లో పేలితే గుండ్లు ముందుకి పోతాయి. తెరిచాక చేతిలో పేలితే ఆ పేలుడుని పట్టి ఉంచే గొట్టం ఉండదు, ఇత్తడి ముక్కలై నలువైపులా ఎగురుతుంది. తాతయ్య రెండు సెకన్లు కూడా ఆగలేదు. పైగా మనం హ్యాంగైన ల్యాప్‌టాప్‌లో ఎంటర్ పదిసార్లు నొక్కినట్టు మళ్ళీ నొక్కాడు.

ఇక అసలు విషయం, పేలని తూటా. తాతయ్య దాన్ని జేబులో వేసుకున్నాడు, నేను అడిగి తీసుకుని చూశా. చూడాల్సింది ప్రైమర్ మీద పడ్డ గుంటని. గుంట లోతుగా, సరిగ్గా మధ్యలో ఉంటే తుపాకీ తన పని తాను చేసింది, తప్పు తూటాది. గుంట పైపైన ఉన్నా, పక్కకి జరిగి ఉన్నా తప్పు తుపాకీది. ఎర్రర్ మెసేజ్ అక్కడే రాసి ఉంటుంది. పోల్చుకోవడానికి పోయినేడు పేలిన ఖాళీ తూటా ఒకటి అటక మీద దొరికింది. దాని గుంటలో బియ్యపు గింజ మొన ఇముడుతుంది. దీనిమీద మాత్రం, రెండుసార్లు కొట్టినా, గోటితో గీరినంత కూడా లేదు. తాతయ్య రెండు రోజులుగా "తూటాలు పాతబడ్డాయిరా" అంటున్నాడు. కాదు, తుపాకీయే సరిగ్గా కొట్టడం లేదు.

ఇక్కడే బగ్ తిక్కది అయింది. మధ్యాహ్నం పెరట్లో బ్యారెల్ ఖాళీగా ఉందని ఇద్దరం రెండుసార్లు చూసుకుని, తాతయ్య హ్యామర్ లాగి వదిలితే, ఠంగుమని కొట్టింది. పిన్ను బయటికి వచ్చి మెరుస్తోంది. (ఖాళీ తుపాకీని ఇలా ఊరికే కొట్టిస్తే పిన్ను విరగొచ్చని తర్వాత తెలిసింది. దానికి డమ్మీ తూటాలు ఉంటాయి.) మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ చూస్తే మందంగా, నీళ్ళల్లో కొట్టినట్టు టక్. పగలు పనిచేసి తెల్లవారుజామున పనిచేయని ప్రోగ్రామ్ చూస్తే మన ల్యాబ్‌లో ముందు సర్వర్‌ని తిడతాం. ఇక్కడ సర్వర్ లేదు.

జవాబు వంటింట్లో దొరికింది. నాయనమ్మ తలకి రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా తీసి, అది తెల్లగా పేరుకుపోయి ఉంటే వేడినీళ్ళ గిన్నెలో పెట్టింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జనవరిలో మా చేలల్లో తెల్లవారుజాము చలి అంతకంటే కిందే ఉంటుంది, మధ్యాహ్నానికి పైకి పోతుంది. "తాతయ్యా, తుపాకీకి ఏం నూనె రాస్తావు?" అన్నా. "ఏం నూనేంట్రా, ఇంట్లో నూనే" అన్నాడు.

దీని వెనక ఇంకో కథ. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే తాతయ్య కూడా తుపాకీని పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేశాడు. షెడ్యూలు వచ్చింది మార్చిలో, ఫలితాలు జూన్ 4న. అన్నాళ్ళు బయట ఉంటే తుప్పు పడుతుందేమోనని భయపడి, ఇచ్చే ముందు లోపలా బయటా కొబ్బరినూనె పట్టించాడట. తిరిగొచ్చాక తుప్పు లేదు కదా, నూనె మహిమ అనుకుని అప్పటినుంచీ అదే అలవాటు. వేసవిలో, వానాకాలంలో ఏ ఇబ్బందీ రాలేదు. రాదు కూడా, నూనె గడ్డకట్టదుగా. కానీ పొరలు పొరలుగా పిన్ను చుట్టూ దుమ్ముతో కలిసి జిగురై కూర్చుంది.

మా అంతట మేం విప్పలేదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీలు రిపేరు చేయడానికి కూడా లైసెన్సు కావాలి, ఊళ్ళో వెల్డింగు షాపుకి తీసుకెళ్ళే వస్తువు కాదు. లైసెన్సు లేని నేను దాన్ని మోయొచ్చా అని కూడా చూశా. రిపేరుకో రెన్యువల్‌కో అయితే, లైసెన్సుదారు పక్కన ఉండగా, లేదా ఆయన రాతపూర్వకంగా అనుమతిస్తే, మోయొచ్చని అదే చట్టంలో ఉంది. అలా ఇద్దరం గుంటూరు వెళ్ళాం. షాపాయన నేను తీసుకెళ్ళిన తూటా గుంట చూసి, పిన్ను ఊడదీసి, గుడ్డతో తుడిచి తాతయ్యకి చూపించాడు. గుడ్డ మీద బెల్లంపాకం రంగు జిగురు. "పెద్దాయనా, ఇది తలకి రాసుకునేది" అన్నాడు. స్ప్రింగు కూడా వయసుతో వదులైందట, అది మార్చాడు. రెండూ కలిసే దెబ్బ బలం తగ్గింది. మెషీన్లకి వాడే పల్చటి నూనె, అదీ ఒక చుక్క, రాసి మళ్ళీ పొడిగుడ్డతో తుడిచెయ్యమన్నాడు.

ఆయన దగ్గర కూర్చున్న గంటలో నేను అడిగినవి కొన్ని ఇక్కడ చెప్తా. ఇళ్ళల్లో పాత తుపాకీలున్న ఫ్రెండ్స్ బాపట్ల, రేపల్లె వైపు ఉన్నారని తెలుసు కాబట్టి.

టిక్ కన్నా భయపడాల్సిన చప్పుడు ఇంకోటుంది. ఢాం అనాల్సింది తుస్ మనడం. మందు తడిసో, సరిగ్గా అంటుకోకో, వాడ్‌ని బయటికి నెట్టే బలం రాదు. అది గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. "ఈసారి పేలలేదు, ఇంకోటి వేద్దాం" అని రెండోది పేలిస్తే బ్యారెల్ చీలిపోతుంది, ఎడమచెయ్యి ఉండేది సరిగ్గా అక్కడే. తుస్ మంటే 30 సెకన్లు ఆగి, తెరిచి, తూటా తీసేసి, వెనక నుంచి గొట్టంలోకి చూడాలి. వెలుతురు గుండ్రంగా కనపడకపోతే ఆరోజుకి పని అయిపోయినట్టే. ఇదే కారణంతో చాన్నాళ్ళు మూలన పెట్టిన తుపాకీలో ముందు గొట్టం చూడాలి. మట్టిగూడు కట్టే కందిరీగలకి ఆ సైజు కన్నాలంటే మహా ఇష్టం. ఆయన దగ్గరికి గూటితో సహా వచ్చినవి ఉన్నాయట.

ఇంకోటి నేను ఊహించనిది. 20 బోర్ తూటా పొరపాటున 12 బోర్‌లో వేస్తే కింద పడిపోదు, లోపలికి జారి కాస్త ముందు ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. దాని వెనక 12 బోర్ తూటా కూడా పడుతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చాలా కంపెనీలు 20 బోర్ తూటాల్ని పసుపు రంగులో చేసేది ఇందుకే. రెండు బోర్లూ ఒకే డబ్బాలో ఉంచకూడదు. పొడవు సంగతి కూడా అంతే. పాత తుపాకుల్లో 65 మిల్లీమీటర్ల తూటాకి చేసిన గదులు ఉంటాయి, ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 70. ఆ 70 అనేది పేలి మూతి విచ్చుకున్నాక పొడవు. పేలకముందు పొట్టిగా ఉంటుంది కాబట్టి 65 గదిలో చక్కగా పడుతుంది, విచ్చుకోవడానికి మాత్రం చోటు ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. పడుతుంది కదా అని సరిపోయినట్టు కాదు. మాది 70దేనని బ్యారెల్ మీద అంకె చూపించాడు.

తూటాలకి మా ఇంట్లో చేసిన అన్యాయం వేరే. తుప్పు పట్టకుండా వాటికీ నూనె రాసి, వంటింటి అటక మీద రేకు డబ్బాలో పెట్టారు. నూనె ప్రైమర్ పక్క సందుల్లోంచి లోపలికి దిగి దాన్ని చంపేస్తుంది. పొయ్యి మీద ఆవిరి సంగతి సరేసరి. సముద్రం దగ్గరి ఊళ్ళకి గాల్లో తేమ ఎలాగూ ఉంటుంది. ఉబ్బినవి, ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టినవి ఏడు ఏరి పక్కన పెట్టాడు. అలాంటివి బలవంతంగా తోస్తే గదిలో బిగుసుకుపోతాయి, చాకుతో వెనక నుంచి పొడిచి తీద్దామని చూస్తే పొడిచేది ప్రైమర్‌నే. వాటిని చెత్తలో, కాలువలో పడెయ్యకూడదు. లైసెన్సున్న డీలరుకే ఇచ్చెయ్యాలి. నా దగ్గరున్న రెండు దెబ్బలు తిన్న తూటా కూడా ఆయనే ఉంచేసుకున్నాడు. గుర్తుగా హాస్టల్‌కి తెచ్చుకుందామనుకున్నా, బతికున్న తూటా నా జేబులో ఉంటే అది వేరే కేసని నవ్వాడు.

నాన్నకి ఇదంతా తెలిసి, తుపాకీ సరెండర్ చేసెయ్యమని పట్టుపట్టాడు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు అయిదేళ్ళు, తాతయ్యది ఇంకా రెండేళ్ళుంది. అప్పుడు చూద్దాం అని ఆయన. ఈ పంచాయితీ ఇంకా నడుస్తోంది.

సెలవులు అయిపోయే ముందు రోజు తెల్లవారుజామున మళ్ళీ చేలోకి వెళ్ళాం. ఈసారి నేను తాతయ్య వెనక, ఎడమవైపు నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డా. మొదటి దెబ్బకే పేలింది. తిరిగొస్తూ గట్టు మీద, ఒకవేళ పేలకపోతే ఏం చేస్తావో చెప్పు తాతయ్యా అంటే, ఆగి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి చూపించాడు. ఫోన్‌లో టైమ్ చూశా. ఆయన ముప్పై పదకొండు సెకన్లలో అయిపోయింది.